సావుకారి బొటనవేలు

పోయిన వారం మోకాళ్ల నొప్పని రక్తపరీక్ష చేయించుకున్నాను. ల్యాబులో రిపోర్టు చేతికిచ్చిన అమ్మాయి, "ఆంటీ, మీకు యూరిక్ యాసిడ్ ఎక్కువుండాది. మటన్ తగ్గించుకోండి" అంది. నాకు నవ్వు ఆగలేదు. ఆ పిల్ల బిత్తరపోయింది. రిపోర్టు చూసి ఏడ్చేవాళ్లను చూసి ఉంటుంది గానీ నవ్వేవాళ్లను చూసి ఉండదు పాపం. నేను నవ్వింది నా సంగతికి కాదు. ఆదివారం మటన్ లేకపోతే ముద్ద దిగని మనిషిని, నాకు ఆ మాట సరిగ్గానే తగుతుంది. మాంసం కొట్టే వీధి గుండా పోవాల్సి వస్తే చుట్టు తిరిగి పోయే ఒక పెద్దమనిషికి కూడా ఇదే మాట చెప్పారు. ఆ మాటతో ఆయన పడిన అవస్థ గుర్తొచ్చి నవ్వాను. ఇంటికి వచ్చాక కాసేపు ఏడ్చాను కూడా. ఆయన పోయి ఏడాది దాటింది.

ధర్మవరంలో ఆయనది పట్టుచీరల అంగడి. గోడకు గోడ ఆనుకొని నాది జాకెట్లు కుట్టే అంగడి. ఆయన దగ్గర చీర కొన్నవాళ్లు అటు నుంచి అటే నా దగ్గరికి కొలతలకు వచ్చేవాళ్లు. "పక్కన మా పాప ఉండాది. ఆమె కుడితే చీరకే అందమొస్తాది" అని ఆయనే పంపేవాడు. నాకు మనవరాలు పుట్టిన తర్వాత కూడా ఆయనకు నేను పాపనే. నేను ఆయన్ని అన్నా అనేదాన్ని, ఊరంతా సావుకారు అనేది. పేరు పెట్టి పిలిచిన మనిషిని నేను చూడలేదు.

తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద ఆయన పొద్దున్నే బాసింపట్టు వేసుకొని కూర్చునేవాడు. ముందు పొట్ట కూర్చునేది, తర్వాత ఆయన. మడత మీద ఉన్న చీర చేతికి అందగానే మణికట్టుతో ఒక్క విసురు విసిరితే, కొంగు పోయి సరిగ్గా కొనేవాళ్ల మోకాళ్ల ముందు పడేది. ఒక్క బెత్తెడు అటూ ఇటూ కాదు. "చూడు తల్లీ, చూసినందుకు దుడ్లు అడగను" అనేవాడు. అట్లా చూసినవాళ్లు వట్టి చేతులతో లేవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆయన వ్యాపారానికి ఒక కట్టుబాటు ఉండేది. కొనేవాళ్ల ముందు చీర విప్పిన తర్వాత అమ్మేవాడు పరుపు మీది నుంచి లేవకూడదు. వాళ్ల నాయన చెప్పాడట, అమ్మేవాడు లేస్తే కొనేవాళ్ల మనసు కూడా లేస్తుందని. పెళ్లిళ్ల కాలంలో పొద్దున విప్పిన చీర మీద ఇంకో చీర, దాని మీద ఇంకోటి. లేచే సందే ఉండదు. అందుకని ఆయన అంగట్లో నీళ్లు ముట్టేవాడు కాదు. మా అనంతపురం ఎండల్లో, ఫ్యాను కూడా వేడిగాలి కొట్టే అంగట్లో, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు లేకుండా.

"రవ్వంత నీళ్లు తాగన్నా, పెదాలు ఎట్ల ఎండిపోయినాయో చూడు" అని నేను అంటే, "నీళ్లు తాగితే ఒంటికి లేయల్ల పాపా. లేస్తే బేరం పాయ" అనేవాడు. దప్పిక ఆగడానికి చిటికెడు సోంపు నోట్లో వేసుకునేవాడు.

అయితే కూల్‌డ్రింకుకు మాత్రం అడ్డు లేదు. దూరాభారం నుంచి వచ్చినవాళ్లకు చల్లటి సీసా తెప్పించడం మా వీధిలో మర్యాద. వాళ్లు తాగుతుంటే తాను ఊరికే చూస్తూ కూర్చుంటే దిష్టి పెట్టినట్టు ఉంటుందని ఆయన కూడా ఒక గ్లాసు పోయించుకునేవాడు. గుంపు మారితే గ్లాసు మారేది. నీళ్లు తాగితే లేవాలి గానీ కూల్‌డ్రింకు తాగితే లేవక్కర్లేదా అని నేను అడిగాను. "అది చెమటలో పోతాదిలే" అన్నాడు. ఆ శాస్త్రం ఆయనకు ఎవరు చెప్పారో నాకు తెలియదు.

ఇట్లా ఉండగా ఒకరోజు బెళుగుప్ప నుంచి పెళ్లివాళ్లు వచ్చారు. పెళ్లికూతురి మేనత్త బేరంలో గట్టి మనిషి. ముహూర్తం చీరను అటు తిప్పి ఇటు తిప్పి, ఒక తక్కువ ధర చెప్పింది. సరిగ్గా అప్పుడే పక్కన ఎత్తుగా పేర్చిన చీరల్లోంచి బరువైన జరీచీర ఒకటి జారి సావుకారి కుడికాలి బొటనవేలి మీద పడింది. "ఓయమ్మో!" అని ఆయన పెట్టిన కేక నా కుట్టుమిషను చప్పుడు దాటి వినిపించింది. నేను పరుగెత్తుకొని పోయేసరికి ఆయన కండ్ల నిండా నీళ్లు. మేనత్త హడలిపోయి, "ఏడవాకప్పా సావుకారా, ఏదో ఆడమనిషిని, తెలీక తక్కువ చెప్పినా. రవ్వంత ఎక్కువే ఇస్తాలే" అంటోంది. ఆయన నోట మాట రాక తలాడించాడు. అది బేరం కుదిరినట్టు అయింది.

వాళ్లు వెళ్లాక చూస్తే వేలు మొదట్లో కణుపు పండిన టమోటా మాదిరి ఎర్రగా, నున్నగా మెరుస్తోంది.

"పొద్దున లేచినప్పట్నించి ఇట్లనే ఉండాది పాపా. పంచ అంచు తగిలినా నిప్పు పెట్టినట్టుండాది. చీమేదన్నా కుట్టినాదేమో."

"ఏం చీమన్నా అది, ఏనుగంత ఉండాదా?" అన్నాను. కుంటుకుంటూ మందులంగడికి పోయి నొప్పి మాత్ర తెచ్చుకున్నాడు. వారం తిరిగేసరికి వేలు మామూలైంది. తర్వాత మళ్లీ వచ్చింది. మళ్లీ మళ్లీ వచ్చింది.

చివరికి మా వీధి చివర కొత్తగా పెట్టిన కుర్ర డాక్టరు దగ్గరికి పోయాడు. ఆ డాక్టరు మంచివాడే గానీ గొంతు పెద్దది, గదికి గోడ లేదు, పరదా ఉంది. పరదాకు ఇవతల మా పట్టుచీరల వీధిలో సగం మంది కూర్చొని ఉన్నారు. రక్తపరీక్ష చూసి డాక్టరు, "యూరిక్ యాసిడ్ బాగా ఎక్కువుంది, అదే వేలి కీలులో చేరింది. మటన్ ఎక్కువ తింటారా? మందు అలవాటుందా?" అని అడిగాడు.

"సామీ, నేను శనివారం ఉల్లిగడ్డ గూడా తినను" అన్నాడు సావుకారు.

"మొదట అందరూ అట్లనే అంటారు పెద్దాయనా. డాక్టరు దగ్గర దాచితే మీకే నష్టం."

ఆయన ఇంటికి చేరేలోపల ఆ మాట ఆయన ఇంటికి చేరింది. సావుకారు అనంతపురం పోయినప్పుడల్లా తింటాండాడంట అన్నారు కొందరు. కాదు, తోటలో వండించుకుంటాండాడంట అన్నారు ఇంకొందరు. మాకు పాలు పోసే ఆమె అయితే ఏ రోజు బిర్యానీ, ఏ రోజు తలకాయ కూర అన్నది కూడా చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. "నువ్వు వడ్డించినావా?" అని అడిగేశాను. ఆ తర్వాత నాలుగు రోజులు మాకు పాలల్లో నీళ్లు ఎక్కువ వచ్చాయి.

సలహాలకు కూడా లోటు లేకపోయింది. పప్పు మానమన్నారు. టమోటా విషమన్నారు. చెనిక్కాయలు, అదే వేరుశనగలు, తింటే కాలు తీసెయ్యాల్సి వస్తుందని కూడా ఒకాయన అన్నాడు. "పప్పు, టమోటా, చెనిక్కాయలు తీసేస్తే మన జిల్లాలో ఇంగ మిగిలేది రాళ్లే గదా పాపా" అన్నాడు ఆయన. అయినా పొద్దున టిఫినుగా తినే ఉగ్గాని మీద చెనిక్కాయల పొడి మానేశాడు. కూల్‌డ్రింకు మానమని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ వేలి కోసం నీళ్లు తాగమని కూడా ఎవరూ చెప్పలేదు.

ఆయన భార్యకు, నేను వదిన అనే ఆవిడకు కూడా అనుమానం పట్టుకుంది. ఆవిడ మంచి మనిషి, కానీ ఊరంతా ఒకే మాట అంటుంటే ఏ ఆడదానికైనా మనసు అటూ ఇటూ అవుతుంది. ఒక మధ్యాహ్నం ఆయన్ని చేయి పట్టుకొని నా అంగట్లోకి తీసుకొచ్చింది. ఇంట్లో అడిగితే తప్పించుకుంటాడని, నేను పక్కన సాక్షిగా ఉండాలని.

"తింటే తింటిరి. నేనేమీ అనను. యాడ తిన్నారు, ఎవరు వండి పెట్టినారు, ఆ ఒక్కటీ చెప్పండి" అంది. మటన్ కంటే వండి పెట్టిన మనిషి మీదే ఆవిడకు ఎక్కువ దిగులని నాకు అర్థమైంది.

"నలభై ఏండ్ల నుంచి కాపరం చేస్తాండావే. నా నోటి వాసన తెలీదా నీకు?"

"తెలుసు కాబట్టే అడుగుతాండా. ఆ సోంపు యాల నములుతాండారు పొద్దస్తమానం? ఏ వాసన పోనీకి?"

ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు. నావైపు తిరిగి, "పాపా, నువ్వన్నా చెప్పు" అన్నాడు. అది దప్పికకు అని నేను చెప్పాను. వదిన నమ్మినట్టు తలూపింది గానీ నమ్మలేదు. ఆ పూట నాకు నవ్వు ఆపుకోవడం కష్టమైంది. ఆయన ముఖం చూస్తే మాత్రం నవ్వొచ్చేలా లేదు.

ఆ దసరాకు అసలు దెబ్బ తగిలింది. వాళ్ల కులపు గుడిలో అమ్మవారికి పెట్టే నైవేద్యం ప్రతి ఏడూ ఆయనే దగ్గరుండి వండించి, తన చేతులతో మోసుకుపోయి గర్భగుడి ముందు పెట్టేవాడు. వాళ్ల నాయన నుంచి వచ్చిన పని అది. ఆ ఏడు పెద్దలు ఎంతో మర్యాదగా, "కాలు నొప్పి గదా సావుకారా, నువ్వు కుర్చీలో కూర్చో. ఈసారి ఇంకొకరు తెస్తారులే" అన్నారు. ఆ రోజు ఆయన కాలు నొప్పిగా లేదు. మరునాడు వచ్చి నా అంగట్లో స్టూలు మీద కూర్చున్నాడు. "కాలు నొప్పని కాదు పాపా. నా చేయి మైలపడిందని" అన్నాడు.

అప్పటి నుంచి ఆయన ఒక పని మొదలుపెట్టాడు. ఆ సంగతి గానీ, అది ఎంత ప్రమాదమో గానీ అప్పుడు మాకెవరికీ తెలియదు. వేలు వాచిన రోజు కుంటితే, "నిన్న మళ్లా తిన్నట్టుండాడు" అని ఊళ్లో అంటారు. అందుకని కుంటకూడదు. కుంటకుండా ఉండాలంటే నొప్పి మాత్రలు కావాలి. ఊళ్లో కొంటే మందులంగడి వాళ్లు చెప్పేస్తారు. అందుకని బస్సెక్కి ముదిగుబ్బ పోయి కొనుక్కొచ్చేవాడు. దేవుడి దగ్గరికని ఇంట్లో చెప్పేవాడు. డాక్టరు దగ్గరికి మళ్లీ పోలేదు. వేలికి కొంచెం చురుకు తగిలితే చాలు, ఒక మాత్ర. పంచ మడత ఎగ్గట్టి, నిటారుగా, పెళ్లికొడుకు మాదిరి నడిచేవాడు. నేను కూడా, పోనీలే, నయమైందని సంతోషపడ్డాను.

ఒక ఎండాకాలం ఆయన ముఖం ఉబ్బింది. రెండు కాళ్లూ వాచాయి, నొక్కితే గుంట పడేది. అన్నం సయించదు, ఊరికే వాంతులు. వదిన ఇంక ఆగలేక నన్ను తోడు తీసుకొని ఆయన్ని అనంతపురంలో పెద్ద డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఆమె పరీక్షలన్నీ చేయించి, కుర్చీ దగ్గరికి లాక్కొని, రోజూ ఏమి తింటాడు, ఏమి తాగుతాడు, ఏ మాత్రలు మింగుతాడు అని నిదానంగా అడిగింది. నీళ్ల సంగతి, సీసాల సంగతి, ముదిగుబ్బ సంగతి అన్నీ బయటపడ్డాయి. ఎప్పటిదో బీపీ మాత్ర ఒకటి వాడుతున్నాడని కూడా తెలిసింది.

"యూరిక్ యాసిడ్ మటన్ తినేవాళ్లకే వస్తుందని ఎవరు చెప్పారు మీకు?" అంది డాక్టరమ్మ. "మన ఒళ్లే దాన్ని తయారు చేస్తుంది. కిడ్నీలు బయటికి పంపాలి. మీరు నీళ్లు తాగరు. చక్కెర నీళ్లు మాత్రం రోజంతా తాగుతారు. పొట్ట ఉంది, బీపీ ఉంది, షుగరు మొదలైంది. ఆ బీపీ మాత్ర కూడా దాన్ని లోపలే నిలిపేసే రకం. ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చే చుట్టాలు పెద్దాయనా. వేలు ముందే చెప్పింది. మీరు నొప్పి మాత్రలు వేసి దాన్ని మాట్లాడనివ్వలేదు. ఆ మాత్రలు కిడ్నీలను బాగా దెబ్బ తీశాయి."

ఆయన ముందుకు వంగాడు. "అంటే మేడం, మటన్ వల్ల గాదు."

"తినని మనిషికి మటన్ వల్ల ఎట్లా వస్తుంది?"

"ఆ మాట రవ్వంత గట్టిగా చెప్తారా? మా ఆమెకు ఆ పక్క చెవి సరిగ్గా వినపడదు."

డాక్టరమ్మ నావైపు చూసింది. నేను నేల చూపులు చూశాను. "మీ కిడ్నీలు సగం పైన పోయాయని చెప్తున్నాను నేను. అర్థమవుతోందా మీకు?" అంది ఆమె.

ఆయన వదిన వైపు తిరిగాడు. ముఖం వెలిగిపోతోంది. "విన్నావా? మటన్ గాదంట!"

వదిన కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తోంది. ఆయన మాత్రం తిరిగి వచ్చేటప్పుడు దారి పొడవునా కారు డ్రైవరుకు యూరిక్ యాసిడ్ గురించి చెప్పాడు. ఊళ్లో దిగి ఇంటికి కూడా పోకుండా అంగడి అంగడికీ ఎక్కి, "మటన్ వల్ల గాదంట, పెద్ద డాక్టరమ్మే చెప్పినాది" అని చెప్పి వచ్చాడు. "ఇంగేం చెప్పినాది?" అని ఎవరో అడిగితే, "ఏదో కిడ్నీల సంగతిలే" అన్నాడు. అంత అమాయకుడి మీద నాకు కోపమొచ్చింది. దిగులు కూడా వేసింది.

ఆ తర్వాత సీసాలు మానాడు, డాక్టరమ్మ చెప్పిన కొలత ప్రకారం నీళ్లు తాగాడు, చీరలు విప్పి ఉన్నప్పుడే లేచి పోయి వచ్చేవాడు. బేరాలేమీ పోలేదు. ఆయన లేచి పోయిన సందులో ఆడవాళ్లు తమలో తాము మాట్లాడుకొని ఇంకో చీర కూడా పక్కన పెట్టుకునేవాళ్లు. "మా నాయన తప్పు చెప్పినాడు పాపా" అని ఆశ్చర్యపోయాడు. మందులు మార్చాక వేలు కూడా మళ్లీ వాచలేదు. గుడి పెద్దలు వచ్చి ఆ దసరాకు నైవేద్యం ఆయన్నే తెమ్మన్నారు. తెల్లపంచ కట్టి, గిన్నె రెండు చేతులతో పట్టుకొని మా అంగడి ముందు నుంచే పోయాడు, నేను చూడాలని.

కానీ పోయిన కిడ్నీలు తిరిగి రాలేదు. కొన్నాళ్లకు డయాలసిస్ పడింది. అనంతపురం పోయి మంచం మీద పడుకొని రక్తం కడిగించుకొని, వాలిపోయి వచ్చేవాడు. ఉన్న పొట్ట కరిగిపోయింది. చొక్కా ఎవరిదో తొడుక్కున్నట్టు వేలాడేది. డయాలసిస్‌లో ఒంటిలోని బలమంతా పోతోంది, ప్రొటీను పెట్టాలి అంది డాక్టరమ్మ. రాసిచ్చిన పొడి పాలల్లో కలిపి ఇస్తే వాంతి అయ్యేది. పన్నీరు పెడితే గొంతు దిగలేదు. చివరికి ఆమె, "రోజూ గుడ్డులో తెల్లసొన తినండి. మీకు దానికంటే మంచిది లేదు. తినకపోతే మనిషి నిలవడు" అని తేల్చి చెప్పింది.

ఆయన ససేమిరా అన్నాడు. నేను చెప్పాను, ఆయన తమ్ముడు చెప్పాడు, డాక్టరమ్మ ఫోను చేసి మరీ చెప్పింది. "పోతే పోతా. తినలేదని ఊరిని నమ్మించనీకి నాకు ఇన్నేండ్లు పట్టింది. ఇప్పుడు తింటే ఆ అన్నోళ్ల మాటే నిజమైపాయ గదా" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మరునాడు పొద్దున్నే వదిన మా ఇంటికి వచ్చింది. చేతిలో కొత్త చిన్న గిన్నె. కొంగులో చుట్టి పట్టుకున్న రెండు గుడ్లు.

"ఇవి ఎట్ల ఉడకబెట్టేదో నేర్పు పాపా."

"నాకు చెప్తే నేనే ఉడికించి తెచ్చేదాన్ని గదా వదినా. ఎవరు తెచ్చినారు ఇవి?"

"నేనే పొయ్యి కొన్నా. వీధి మొగదల అంగట్లో."

"అందరూ చూస్తాంటేనా?"

"చూడనీ. నా మొగుడు నాకు కావల్ల" అంది.

నీళ్లలో ఎంతసేపు ఉంచాలి, పెంకు ఎట్లా పగలగొట్టాలి, పచ్చసొన ఎట్లా తీసేయాలి అన్నీ చెప్పాను. ఆవిడ నన్నూ వెంటబెట్టుకొని వాళ్లింటికే పోయి, తన వంటింట్లో, తన పొయ్యి మీదే పెట్టింది. ఉడుకుతున్న వాసనకు రెండుసార్లు బయటికి పోయి గాలి పీల్చుకొని వచ్చింది. నన్ను చేయి పెట్టనివ్వలేదు. తెల్లసొన ముక్కలు చేసి, మిరియాల పొడి చల్లి, ప్లేటులో పెట్టుకొని ఆయన మంచం దగ్గరికి పోయింది. ఇంకో గుడ్డు గిన్నెలోనే ఉంది.

ఆయన ప్లేటు చూశాడు. ఆవిడ చేతుల వైపు చూశాడు.

"నువ్వు ముట్టుకున్నావా?"

"ముట్టుకున్నా."

 ఆయన నా చేయి ఆసరాగా పట్టుకొని లేచి కూర్చున్నాడు. వాళ్లింటి ముందరి తలుపు వీధిలోకే ఉంటుంది, మంచం మీది నుంచి ఎదుటి అంగళ్లు కనిపిస్తాయి, ఎదుటివాళ్లకు ఈ మంచం కనిపిస్తుంది. వదిన ప్లేటు ఆయన ఒళ్లో పెట్టి తలుపు మూయబోయింది.

"మూయాకు" అన్నాడు ఆయన. "తినకుండానే దొంగతనంగా తింటాండాడని పేరు పెట్టినారు. ఇప్పుడు తింటాండా. అందరూ చూడనీ."

ముక్క నోట్లో పెట్టుకొని, కండ్లు మూసుకొని నమిలాడు. వదిన తలుపు వదిలేసి వచ్చి, కొంగుతో ముఖం తుడుచుకొని, రెండో గుడ్డు వొలవడం మొదలుపెట్టింది.